పిరనేసి కల్పించిన కారాగారములు

చిత్రపట మనగానే మనకు లక్ష్మీదేవియో, మురళీకృష్ణుడో స్ఫురించుట సహజము. గుండె ఝల్లుమనిపించు పటమును గోడకు తగిలించుకొను గృహిణి యెవ్వరు? అయినను మన ఆలంకారికులు నవరసములలో భయానకమునకును స్థాన మొసంగిరి. దాని ప్రయోజనము నాకు మొన్ననే తెలిసినది.

బోధనులో మా చిన్నది పొగగొట్టములే గాని ఒక్క వాకిలియైన లేని పట్టణమును కాగితముపై గీసెను. 2015లో మూతపడిన చక్కెర కర్మాగారమును నిత్యము చూచు కన్నులవి. "ఇదేమి అపశకునపు బొమ్మ!" యని కసరితిని. మావారు మాఱుపలుకక ఒక చిత్రముల పుస్తకమును నాచేత బెట్టిరి.

అవి ఇటలీ దేశపు పిరనేసి చిత్రములు. ఆయన 1720లో వెనిసు నగర ప్రాంతమున జన్మించి, 1778లో రోమున మరణించెను. రోము శిథిలములను చిత్రించి కీర్తి గాంచిన ఈతడు, 1750 ప్రాంతమున కల్పిత కారాగారములను 14 పటములుగా ప్రకటించెను. రాగిరేకునకు మైనపు పూత పూసి, సూదితో గీతలు గీసి, ఆ గీతలను ఆమ్లముచే తినిపించి, సిరా నింపి అచ్చొత్తుట ఆ విద్య.

ఆ చెఱసాల యొక మహానగరమంత యుండును. కమానుపై కమాను, వంతెనపై వంతెన. మెట్ల వరుసలు పైపైకి పోవునే గాని, యెచ్చట ముగియునో తెలియదు. మోకులు, గొలుసులు వ్రేలాడుచుండును. మనుష్యులు చీమలవలె కానవత్తురు. 1761లో ఆయన ఆ రేకులనే మరల చెక్కి, నీడలను మఱింత చిక్కబఱచి, రెండు పటములు చేర్చి 16గా వెలువరించెను. మనుష్యుడు కట్టిన కట్టడమే మనుష్యుని మ్రింగివేయునేమో యను భయమునకు అది రూపము.

పుస్తకము మూసి, చిన్నదానిని చేరబిలిచి, "తల్లీ, నీ పట్టణమునకు వాకిలి యేదే?" యని అడిగితిని. "ఇంకా గీయలేదమ్మా" యనెను.

మన ఇందూరు ఖిల్లాలోని కారాగారము కల్పితము కాదు. 1948లో నిజాము పాలన అంతమగుటకు ముందు, దాశరథి కృష్ణమాచార్యులుగా రందు బంధితులై, బొగ్గుతో గోడలపై పద్యములు వ్రాసిరి. గోడలు కదలలేదు, కాని వారి పలుకును ఆపజాలకపోయినవి.

సోదరీమణులారా! పిల్లలు భయంకరమగు బొమ్మ గీసినచో చింపివేయకుడు. లోన దాగిన భయము కంటె కాగితముపైకి వచ్చిన భయము మేలు. ప్రక్కన కూర్చుండి, వాకిలి యెచ్చట పెట్టుదురో అడుగుడు.