నూజెండ్ల నుంచి డల్లాస్ ఎంత దూరం?

పల్నాడు జిల్లా నూజెండ్ల నుంచి డల్లాస్‌లోని పిల్లల దగ్గరికి బయలుదేరే తల్లిదండ్రులు మొదట అడిగేది, ఎన్ని గంటలు పడుతుందని. దూరాన్ని వేగంతో భాగించి చెప్పే జవాబు వాళ్లకు చాలదు.

హైదరాబాద్ విమానాశ్రయం ఉన్న షంషాబాద్ నుంచి డల్లాస్‌కు భూమ్మీద అన్నిటికన్నా దగ్గరి దారి సుమారు 14,400 కిలోమీటర్లు. గోడ మీది పటం చూస్తే విమానం అరేబియా సముద్రం, ఆఫ్రికా, అట్లాంటిక్ దాటి పడమరకు పోవాలనిపిస్తుంది. గ్లోబు మీద దారం బిగించి చూస్తే మాత్రం అది ఉత్తరానికి సాగి, ధ్రువానికి బాగా దగ్గరగా వెళ్లి అవతలి పక్కకు దిగుతుంది. హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, డల్లాస్ 97 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీద. రెండూ కలిపితే 175, అంటే రెండు ఊళ్లూ గ్లోబుకు దాదాపు ఎదురెదురు పక్కల ఉన్నాయి. అందుకే ధ్రువం వైపు దారి దగ్గర.

ఇలాంటి దారిలో మనవాళ్లే విమానం నడిపారు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా విమానం శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తర ధ్రువం మీదుగా ఆగకుండా బెంగళూరు చేరింది. దాదాపు 14,000 కిలోమీటర్లు, సుమారు 17 గంటలు. కాక్‌పిట్‌లో అందరూ మహిళలే. కెప్టెన్ జోయా అగర్వాల్‌తో పాటు తెలుగు పైలట్ పాపగారి తన్మయి కూడా ఉన్నారు. అదే నెలలో హైదరాబాద్–షికాగో నేరు సర్వీసు కూడా మొదలైంది, తర్వాత ఆగిపోయింది.

నేరు విమానం లేకపోవడంతో ఇప్పుడు డల్లాస్ వెళ్లేవాళ్లలో చాలామంది దుబాయ్‌లోనో దోహాలోనో విమానం మారుతున్నారు. దుబాయ్ దాకా 2,550, ఆపైన 12,900 కిలోమీటర్లు. దగ్గరి దారి కన్నా వెయ్యి ఎక్కువే అయినా, గాలిలో అది గంటకు కాస్త పైమాట. మధ్యలో నిరీక్షణే అసలు భారం.

గాలి లెక్క వేరే ఉంది. చాలా ఎత్తులో పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ ప్రవాహం వల్ల దుబాయ్ నుంచి డల్లాస్‌కు 16 గంటలు పడితే, తిరుగు ప్రయాణంలో గంటకు పైగా కలిసివస్తుంది. ఆకాశానికీ సరిహద్దులున్నాయి: 2022లో రష్యా అమెరికా విమానాలకు, 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ భారత విమానాలకు దారి మూశాయి. చుట్టూ తిరిగితే సమయం, ఇంధనం రెండూ పెరుగుతాయి.

టికెట్ మీది గంటలు ఏ ఊరివి ఆ ఊరివే. చలికాలంలో డల్లాస్ మనకన్నా పదకొండున్నర గంటలు వెనక. తెల్లవారుజామున నాలుగింటికి షంషాబాద్‌లో ఎక్కి, అదే తేదీ సాయంత్రం నాలుగింటికి దిగుతారని టికెట్ మీద ఉంటే, అది పన్నెండు గంటల ప్రయాణం కాదు, ఇరవై మూడున్నర గంటలది. దానికి ముందు నూజెండ్ల నుంచి షంషాబాద్‌కు కారులో పోవడం, మూడు గంటల ముందే చేరడం ఉన్నాయి. పిల్లలు గడప నుంచి గడపకు లెక్క కట్టి చెబితేనే పెద్దవాళ్లు సిద్ధపడగలరు. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు ఏ పూటది ఎప్పుడు వేసుకోవాలో డాక్టరును ముందే అడిగి రాయించుకుని, మందులు చేతిసంచిలోనే పెట్టుకోవాలి.