పడమటిని గెలిచిన బొమ్మలు

యానిమేషన్ పరిశ్రమను గొప్ప ఎగుమతి వనరుగా తీర్చిదిద్దాలన్న మాట రాజధానిలో తరచు వినిపిస్తున్నది. 2022లో కేంద్రం ఇందుకొక కార్యదళాన్ని కూడా నియమించింది. ఈ ప్రస్తావన వచ్చినప్పుడల్లా నా దృష్టి జపాను వైపు మళ్లుతుంది.

'అనిమే' అని లోకం పిలిచే జపాను బొమ్మల చిత్రాలకు పాశ్చాత్య దేశాలలో నేడున్న ఆదరణ అసామాన్యమైనది. 2025 సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాసిల్' అమెరికాలో తొలి వారాంతంలోనే సుమారు 7 కోట్ల డాలర్లు వసూలు చేసింది. 2023లో అనిమే విపణి మొత్తం విలువ సుమారు 3.3 లక్షల కోట్ల యెన్లు కాగా, అందులో సగానికి పైగా విదేశాలలో సమకూడినదే.

ఈ గౌరవం సులభంగా లభించలేదు. ఒసాము తెజుకా సృష్టించిన 'ఆస్ట్రో బాయ్' 1963లోనే అమెరికా టెలివిజన్‌కు చేరింది. అయితే అక్కడి వ్యాపారులు ఈ చిత్రాలను ముడిసరుకుగానే భావించారు. పేర్లు మార్చారు, కథలు మార్చారు. మియాజాకి తీసిన 'నౌసికా'ను 1985లో 20 నిమిషాలకు పైగా కత్తిరించి విడుదల చేశారు. ఫ్రాన్సులో 1978లో 'గోల్డొరాక్' పిల్లలను ఉర్రూతలూగించగా, పెద్దలు కలవరపడ్డారు. 2007లో అధ్యక్ష పదవికి పోటీ చేసిన సెగొలెన్ రోయాల్, 1989లో ఈ జపాను కార్యక్రమాలను దుయ్యబడుతూ ఒక పుస్తకమే వ్రాశారు.

ఆ పిల్లలు పెరిగి పెద్దవారైనారు. వీడియో క్యాసెట్లకు అభిమానులే అనువాదాలు చేర్చి చేతులు మార్చుకున్నారు. మియాజాకి 'స్పిరిటెడ్ అవే'కు 2003లో ఆస్కార్ లభించింది. జపాను దేవతలు, స్నానశాలలు, భోజనాలు ఉన్న ఆ కథను పడమటివారు ఉన్నదున్నట్టుగా స్వీకరించారు. సాంస్కృతిక ఎగుమతుల కోసం జపాను ప్రభుత్వం 'కూల్ జపాన్' నిధిని నెలకొల్పింది 2013లో, అంటే ఆ ఆస్కార్ వచ్చిన పదేళ్లకు!

ఇక నాణేనికి రెండవ వైపు. చిత్రానికి పెట్టుబడి పెట్టే ప్రచురణ సంస్థలు, టెలివిజన్ కంపెనీలు, బొమ్మల వ్యాపారులు కలిసి సంఘంగా ఏర్పడి హక్కులను పంచుకుంటారు. చిత్రాన్ని గీసే స్టూడియోకు చాలా సందర్భాలలో దక్కేది ముందుగా కుదిరిన రుసుము మాత్రమే. చిత్రకారుల సంఘం 2015లో వెల్లడించిన సర్వే ప్రకారం, కదలికల మధ్య బొమ్మలు గీసే క్రింది స్థాయి చిత్రకారుని సగటు వార్షికాదాయం సుమారు 11 లక్షల యెన్లు. టోకియోలో దానితో బ్రతుకీడ్చడం కష్టం. 2024లో ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం సైతం ఈ పరిశ్రమలోని శ్రమదోపిడీని వేలెత్తి చూపింది.

మనకు ఇది దూరపు సంగతి కాదు. హైదరాబాదు, ముంబయి స్టూడియోలలో మన యువతీయువకులు ఏళ్ల తరబడి విదేశీ కంపెనీల బొమ్మలకు ప్రాణం పోస్తున్నారు. పని మనది, హక్కులు వారివి. జపాను తన కథలను తన తీరులోనే చెప్పి గెలిచింది. ఆ ధైర్యం మనకు ఆదర్శం కావాలి. ఆ గెలుపులో గీసిన చేతికి వాటా ఇవ్వకపోవడం మనకు హెచ్చరిక కావాలి. కోట్ల లెక్కలు చెప్పే మన ప్రణాళికలలో చిత్రకారుని వేతనానికి, హక్కుకు చోటెంత అని పార్లమెంటు సభ్యులు నిలదీయవలసిన సమయమిదే.