నలభై ఒకటో రోజు

మా మందిరం వెనుక ఒక గుంట ఉంది. ఎప్పుడో ఇసుక తవ్వుకుపోగా మిగిలిన గుంట. క్రిస్మస్‌కు, ఈస్టర్‌కు ప్రేమవిందు అయిపోయాక ఎంగిలి ప్లేట్లు, గ్లాసులు, మంచినీళ్ల పొట్లాలు అన్నీ అందులోకి చేరేవి. మరునాడు కుర్రాళ్లు పోయి అగ్గిపుల్ల గీసేవారు. ఆ గుంటకు మూడిళ్ల అవతలే మా ఇల్లు. మా అత్తయ్యకు ఉబ్బసం.

2023 క్రిస్మస్ మరునాడు ఆ పొగ మా ఇంట్లోకి వచ్చింది. కిటికీలు మూశాం, గుమ్మానికి తడిగుడ్డ కట్టాం. అయినా ఆగలేదు. అత్తయ్య రెండు రాత్రులు గోడకు ఆనుకుని కూర్చునే తెల్లవార్చారు. మూడోరోజు ఆసుపత్రికి తీసుకువెళ్లవలసి వచ్చింది. ఎవరి మీద కోపగించుకోను? ఆ ప్లేట్లు కొన్నది మా స్త్రీల సమాజమే. లెక్కల పుస్తకంలో "ప్లేట్లు 500, గ్లాసులు 600" అని రాసినది నేనే.

ప్లాస్టిక్‌ను ఆరుబయట కాలిస్తే కంటికి కనిపించే నల్లటి పొగే కాదు, ఊపిరితిత్తుల లోతుకు దిగిపోయే సన్నని మసి కూడా వస్తుంది. అందులో పి.వి.సి. వంటి క్లోరిన్ ఉన్న రకాలు కలిస్తే డయాక్సిన్లనే విషపదార్థాలు పుడతాయి. అవి త్వరగా నశించవు. బూడిదలో, మట్టిలో నిలిచి, అక్కడి గడ్డి మేసిన పశువు పాలలోకి కూడా చేరగలవు. నిజానికి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్ట్రాలు, చెంచాల వంటి వాటిని 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. అయినా అవి మా మందిరానికి ఎలా వచ్చాయంటారా? కొట్టువాడు ఇచ్చాడు, మేము కొన్నాం, అంతే.

శ్రమ దినాలు దగ్గరపడుతుండగా మా పెద్దమ్మాయి బడి నుంచి ఒక కాగితం తెచ్చింది. 2022 అక్టోబరు 20న గుజరాత్‌లోని ఏక్తానగర్‌లో మన ప్రధానమంత్రి, ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి గుటెరస్ కలిసి ప్రారంభించిన "లైఫ్" ఉద్యమం గురించి అందులో ఉంది. పర్యావరణాన్ని కాపాడే జీవన విధానమని దాని భావం. ప్రతి మనిషీ ఇంట్లో చేయగలిగిన పనులు డెబ్బై అయిదు ఏర్చి రాశారు. నీళ్లు, కరెంటు, చెత్త, తిండి అన్నీ ఉన్నాయి. "అమ్మా, నలభై రోజులూ ఇవన్నీ చేద్దాం" అన్నది పిల్ల. సరేనన్నాను. తొమ్మిదో రోజుకు ఆ కాగితం బియ్యం డబ్బా కింద కనిపించింది. ఎవరు పెట్టారో ఎవరూ ఒప్పుకోలేదు.

డెబ్బై అయిదు పనులు ఒక్కసారి నెత్తికెత్తుకోవడం మా పొరపాటు. ఈసారి మూడే పెట్టుకున్నాం. సంచి లేకుండా బజారుకు పోకూడదు. ఇంట్లో నీటిచుక్క వృథా కాకూడదు. మన చెత్త మన గడప దాటి మంటలో పడకూడదు. దీనికొక నోటుపుస్తకం పెట్టాం. చేసిన రోజు టిక్కు, తప్పిన రోజు ఇంటూ గుర్తు. రాయడం మా చిన్నవాడి పని. వాడికి దయాదాక్షిణ్యాలు లేవు.

లెక్క రాయడం గురించి ఒక పెద్దమనిషిని తలచుకోవాలి. జె.సి. కుమారప్ప 1892లో తంజావూరులో క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. లండన్‌లో ఆడిటరుగా తరిఫీదు పొంది, అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివారు. 1929లో గాంధీగారిని కలిసిన తరువాత సూటు విడిచి ఖద్దరు కట్టారు. గ్రామ పరిశ్రమల సంఘం బాధ్యత నెత్తిన వేసుకున్నారు. ఆయన జైలులో ఉండి రాసిన "ఎకానమీ ఆఫ్ పర్మనెన్స్" అనే పుస్తకం 1945లో వచ్చింది. వాడితే తరిగిపోయే బొగ్గు, పెట్రోలు మీద బతకడం ఒక దారి, వాడినా మళ్లీ చిగిర్చే వాటి మీద బతకడం మరొక దారి అని అందులో వివరించారు. పాలిథిన్ కవరు పుట్టేది మొదటి దారిలో. విస్తరాకు పుట్టేది రెండో దారిలో. పర్యావరణమనే మాట మన ఇళ్లలోకి రాకముందే ఒక లెక్కల మనిషి ఈ తేడా పట్టుకున్నారు.

మూడింటిలో సంచే మమ్మల్ని ఎక్కువ ఏడిపించింది. సంచులు లేక కాదు. పేరాలలో గుడ్డకు కరువేమిటి? పాత చీర చింపి అత్తయ్యే నాలుగు సంచులు కుట్టారు. చిక్కల్లా గుర్తుంచుకోవడంలోనే. సంచి ఇంట్లో, మనిషి బజారులో. 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పలచని క్యారీబ్యాగులు ఉండకూడదని చట్టం. కానీ కూరగాయల బండి దగ్గర మైక్రాన్లు ఎవరు కొలుస్తారు? చివరకు మా ఆయన సైకిలు తాళంచెవికే ఒక సంచి ముడివేశారు. సంచి తీయనిదే తాళం రాదు. ఆ రోజు నుంచి ఇంటూలు తగ్గాయి. మనసు మీద భారం వేసేకంటే తాళంచెవి మీద వేయడం మంచిదని నాకు అప్పుడు తెలిసింది.

చేపలకు, కోడిమాంసానికి గుడ్డసంచి పనికిరాదు గదా! మూత ఉన్న స్టీలు డబ్బా తీసుకువెళ్లాను. ఓడరేవు నుంచి చేపలు తెచ్చే అమ్మ నన్ను చూసి పకపకా నవ్వింది. "ఏమ్మా, క్యారేజీ కట్టుకుని వచ్చావు?" అన్నది. ముందు ఉత్త డబ్బాను తూచి, ఆ బరువు తీసేసి చేపలు తూచమన్నాను. మూడో వారానికి ఆమే "డబ్బా ఇటివ్వమ్మా" అని చెయ్యి చాచింది.

నీళ్ల సంగతి రెండు మాటల్లో చెబుతాను. పెరట్లో కుళాయి చుక్క చుక్కగా కారుతుండేది. ఒక రాత్రి కింద గిన్నె పెట్టి తెల్లవారి కొలిస్తే నాలుగు లీటర్లు దాటింది. అంటే రోజుకు ఒక బిందెడు. వాషరు మార్చడంతో ఆగిపోయింది. బియ్యం కడిగిన నీళ్లు మునగచెట్టుకు పోస్తున్నాం. కూరగాయల తొక్కులు పాత కుండలో వేసి ఎరువు చేద్దామంటే మొదట పురుగులు పట్టి కంపు కొట్టింది. ఎండుటాకులు, ఇసుక కలిపాక సర్దుకుంది.

మధ్యలో పిల్లలు విసుగెత్తి, "ఊరంతా కవర్లు వాడుతుంటే మనమొక్కరం మానితే ఏమవుతుంది?" అన్నారు. అత్తయ్య ఊరుకోలేదు. 1921 నాటి సంగతి ఎత్తుకున్నారు. చీరాల, పేరాలలను కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచినప్పుడు, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాట మీద జనం ఇళ్లకు తాళాలు వేసి ఊరి సరిహద్దు దాటారు. పదిహేను వేల జనాభాలో ఎక్కువమంది కదిలారు. రామనగరమని పేరు పెట్టుకుని పాకలు వేసుకున్నారు. ఎండలో, వానలో పదకొండు నెలలు ఉన్నారు. "గోపాలకృష్ణయ్యగారిని జైల్లో పెట్టారు. డబ్బు అయిపోయింది. చివరకు తిరిగి వచ్చారు. అయితే మాత్రం, మేం వదిలిపోలేం అని ముందే కూర్చున్నవాళ్లు కారు కదర్రా!" అన్నారు. ఇళ్లు వదిలినవాళ్లతో కవర్లు వదిలేవాళ్లకు పోలికేమిటని నాకే అనిపించింది. కానీ పిల్లలు మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అలా 2024 మార్చి 31న ఈస్టర్ వచ్చింది. ప్రేమవిందు గురించి మాట్లాడుకోవడానికి సమాజం కూడినప్పుడు నేను నోరు విప్పాలనే వెళ్లాను. "ప్లేట్లు ఎన్ని చెప్పమంటారు?" అని అడిగారు. ఒక పెద్దావిడ ముందే "స్టీలు పళ్లేలంటే కడిగేదెవరమ్మా, మళ్లీ ఆడవాళ్లేగా" అన్నారు. ఆ మాట అబద్ధం కాదు. నేను నోరు మెదపలేదు. మళ్లీ అవే ప్లేట్లు వచ్చాయి. ఆ మరునాడు, అంటే మా నలభై రోజులు ముగిశాక మొదటి సోమవారం, తాళంచెవి ఇంట్లోనే వదిలి నడిచి బజారుకు వెళ్లి నాలుగు కవర్లతో తిరిగి వచ్చాను. చిన్నవాడు కొత్త పేజీ తీసి "నలభై ఒకటో రోజు" అని రాసి పెద్ద ఇంటూ పెట్టాడు.

2009లో లండన్‌లో కొందరు పరిశోధకులు 96 మందిని పన్నెండు వారాలపాటు గమనించారు. ఒక కొత్త పని ఆలోచించకుండా చేసే అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 రోజుల నుంచి 254 రోజుల వరకు మారింది. ఒక రోజు తప్పినంత మాత్రాన చేసిందంతా చెడిపోలేదు కూడా. ఈ సంగతి తెలిశాక ఇంటూ పెట్టిన ఆ పేజీ చింపవద్దని పిల్లలకు చెప్పాను. నలభై రోజులతో పని అయిపోయిందనుకోవడమే మా తప్పు. పుస్తకం ముందుకు సాగింది.

ఆ సంవత్సరం క్రిస్మస్ సమావేశంలో మాత్రం నోరు విప్పాను. టీ ఇచ్చే కాగితపు గ్లాసుల నుంచే మొదలుపెట్టాను. వాటి లోపల పలచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. వేడి టీ పోసి పావుగంట ఉంచితే వంద మిల్లీలీటర్లలోకి సుమారు 25 వేల ప్లాస్టిక్ రేణువులు దిగుతాయని 2020లో ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. వారు తేల్చారు. తరువాత మందిరం గుంట, అత్తయ్య ఉబ్బసం, ప్లేట్లు రాసిన నా లెక్కల పుస్తకం అన్నీ చెప్పాను. చెబుతుంటే గొంతు వణికింది. అయ్యగారు కాసేపు ఆలోచించి, "ఎవరి పళ్లెం, ఎవరి గ్లాసు వారు తెచ్చుకుందాం. తిన్నవారే కడుక్కుని వెళదాం. మగవాళ్లు కూడా" అన్నారు. మా పల్లెల్లో వెనుకటికి చేసింది అదే గదా. మరచిపోయి వచ్చేవారి కోసం కొల్లూరు లంకల నుంచి అరటాకులు తెప్పించాం. అవి చాలామందికే అవసరమయ్యాయి లెండి! మిగిలిన అన్నం, కూర గిన్నెలకెత్తి ఇళ్లకు పంచాం. అయిదు రొట్టెల విందులో మిగిలిన ముక్కలు పన్నెండు గంపలకెత్తించారు గాని గుంటలో పోయించలేదు కదా.

కుళాయి దగ్గర వరుస పెద్దదే అయింది. పళ్లెం కడగడం అలవాటు లేని మగవాళ్లు కొందరు సబ్బు మాత్రం బాగా ఖర్చు చేశారు. మరునాడు గుంట దగ్గర మంట లేదు. పక్క వీధిలో ఎవరో తగలబెట్టిన వాసన మాత్రం వచ్చింది. ఆ వీధివారితో ఇంకా మాట్లాడలేదు.

అత్తయ్య ఆ రాత్రి పడుకునే నిద్రపోయారు. పొద్దున్నే లేచి నన్ను పిలిచి, "అమ్మాయ్, నా పళ్లెం మీద పేరు కొట్టించు. నిన్న ఎవరిదో మారి వచ్చింది" అన్నారు.