తండ్రీ కూతుళ్ళ ఫిడేళ్ళు

మన పాటకచేరీల్లో ఫిడేలు వాయిస్తారు కదా. అది యూరపు నుంచి వచ్చిందే. ఆ యూరపులో వియన్నా అనే నగరం ఉంది. అక్కడ ఆర్నాల్డ్ రోజే పేరుమోసిన ఫిడేలు విద్వాంసుడు. కూతురు ఆల్మాకు ఆయనే విద్య నేర్పాడు.

1920ల చివర్లో ఇద్దరూ కలిసి వాయించారు. అది గ్రామఫోను రికార్డుగా వచ్చింది. బాఖ్ అనే ఆయన సుమారు 300 ఏళ్ళ కిందట కూర్చిన సంగీతం అది. ఇలాంటి దాన్ని కన్చెర్టో అంటారు. వెనక బృందం వాయిస్తుంది. ముందు ఒకరో, కొందరో ముఖ్యులు ఉంటారు. ఇందులో ముఖ్యులు ఇద్దరు. ఒక ఫిడేలు ఎత్తుకుంటుంది. అదే వరసను రెండోది అందుకుంటుంది. ఒకరు ఎక్కువా కాదు, ఒకరు తక్కువా కాదు. తండ్రికి ఎంత పేరున్నా, ఇక్కడ కూతురు ఆయనకు సరిజోడే.

1932లో ఆల్మా అందరూ ఆడవాళ్ళే ఉన్న వాద్యబృందం పెట్టింది. 1938లో వియన్నా హిట్లర్ చేతికి పోయింది. వీళ్ళు యూదులు. యూదులంటే హిట్లర్‌కు పగ. తండ్రీ కూతురూ లండన్ చేరారు. పూట గడవాలి కదా. ఆల్మా కచేరీల కోసం హాలెండు వెళ్ళింది. హిట్లర్ సేన అక్కడికీ వచ్చింది. ఫ్రాన్సుకు పారిపోయి, అక్కడ దొరికిపోయింది.

1943లో ఆమెను ఆష్విట్జ్ అనే జైలు శిబిరానికి పంపారు. యూదులను లక్షల్లో చంపిన చోటు అది. అక్కడ ఖైదీ ఆడవాళ్ళతో ఒక వాద్యబృందం ఉండేది. దానికి ఆల్మాను పెద్దను చేశారు. బాగా వాయిస్తేనే బృందం నిలుస్తుంది. బృందం నిలిస్తేనే ప్రాణాలు నిలుస్తాయి. అందుకే తప్పు వాయిస్తే ఆమె ఊరుకునేది కాదు. అంతగా వాయించలేని వాళ్ళకూ ఏదో పని చూపి ఉంచుకుంది. వాళ్ళలో చాలామంది బతికారు. ఆల్మా మాత్రం 1944 ఏప్రిల్‌లో జబ్బుపడి అక్కడే చనిపోయింది. అప్పటికి 37 ఏళ్ళు. తండ్రి 1946లో లండన్‌లో పోయాడు.

ఆ రికార్డు ఇప్పటికీ ఉంది. పాతది కాబట్టి గరగరమంటుంది. అయినా రెండు ఫిడేళ్ళూ వినిపిస్తాయి.