ఏడు సెకన్ల డ్రమ్ముల ముక్క: వాయించినవారికి దక్కేదేంటి?

1969లో అమెరికాలో 'ది విన్‌స్టన్స్' అనే బృందం ఒక రికార్డు విడుదల చేసింది. దాని రెండో వైపు పాట పేరు 'ఆమెన్, బ్రదర్'. పాట మధ్యలో అందరూ ఆగిపోతారు. డ్రమ్మర్ గ్రెగరీ కోల్‌మన్ ఒక్కరే నాలుగు ఆవర్తాలు వాయిస్తారు. మొత్తం దాదాపు ఏడు సెకన్లు. ఇలా డ్రమ్ములు మాత్రమే మోగే చోటును 'బ్రేక్' అంటారు.

1980ల్లో శాంప్లర్ యంత్రాలు చేతికొచ్చాక ఆ ఏడు సెకన్లను కోసి వాడుకోవడం మొదలైంది. అమెరికా హిప్‌హాప్ వాడుకుంది. 1990ల్లో బ్రిటన్‌లో పుట్టిన జంగిల్, డ్రమ్ అండ్ బేస్ సంగీతాలైతే చాలావరకు దాని మీదే నిలబడ్డాయి. వేల పాటల్లో ఆ ముక్క ఉంది. కోల్‌మన్‌కు మాత్రం రాయల్టీ రాలేదు. 2006లో ఆయన కటిక పేదరికంలో చనిపోయారు. 2015లో అభిమానులు చందాలు పోగుచేసి బృంద నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు సుమారు 24 వేల పౌండ్లు ఇచ్చారు.

ముక్క ఎలా కోస్తారు?

ఇప్పుడు ఒక మైకు, ల్యాప్‌టాప్ చాలు. సూరత్ శివారు ఇచ్ఛాపూర్‌లో కూర్చున్నా, సిరిసిల్లలో కూర్చున్నా చేసే పని ఒకటే. రికార్డింగ్‌లో ప్రతి దెబ్బ మొదలయ్యే చోట గీత పెట్టి విడివిడి ముక్కలు చేస్తారు. ఒక్కో ముక్కను ఒక్కో మీటకు కట్టి, వరస మార్చి మళ్లీ వాయిస్తారు. వేగం పెంచితే పాత యంత్రాల్లో శ్రుతి కూడా పైకి వెళ్లేది. జంగిల్‌లో వినిపించే ఆ పదును కొంత దాని పుణ్యమే.

తెలుగువాళ్లకు దగ్గరి ఉదాహరణ డప్పు. పెళ్లి ఊరేగింపుల్లో డీజేలు మోగించే తీన్‌మార్ ట్రాకుల్లో లూపుగా తిరిగేది ఎవరో ఎక్కడో వాయించిన దరువే. దాన్ని రికార్డు చేయడంలో రెండు చిక్కులున్నాయి. తోలును మంట సెగకు కాచి బిగిస్తారు కదా, చల్లారేకొద్దీ శ్రుతి దిగుతుంది. పది నిమిషాల తేడాతో తీసిన రెండు టేకులు కలవకపోవచ్చు. రెండోది, సాఫ్ట్‌వేర్ గడులు సాధారణంగా నాలుగేసి లెక్కన ఉంటాయి, తీన్‌మార్ నడక మూడేసి. దెబ్బలన్నీ గడుల్లోకి లాగితే ఊపు చచ్చిపోతుంది. సిటికెన పుల్లతో వేసే చిన్న దెబ్బలు కొంచెం ముందూ వెనకా పడటమే అందం. నన్నడిగితే ఆ బటన్ జోలికే పోవద్దు.

చట్టం ఏమంటోంది?

'కొన్ని సెకన్లేగా, ఫర్వాలేదు' అనే మాట స్టూడియోల్లో తరచూ వినిపిస్తుంది. మన కాపీరైట్ చట్టంలో అలాంటి సెకన్ల మినహాయింపు లేదు. సౌండ్ రికార్డింగ్‌పై హక్కు దాని నిర్మాతది, 60 ఏళ్లు ఉంటుంది. వాయించినవారికి వేరే హక్కు ఉంది, దాని గడువు 50 ఏళ్లు. చట్టం చెప్పే 'ప్రదర్శకుల' జాబితాలో సంగీతకారులతో పాటు పాములవాళ్లూ ఉన్నారు! 2012 సవరణతో వాణిజ్య వాడకంపై రాయల్టీ, ప్రదర్శకుడిగా గుర్తింపు పొందే హక్కు కూడా చేరాయి.

కాగితం లేకపోతే ఆ హక్కును నిరూపించుకోవడం కష్టం. ఊళ్లో డప్పు కళాకారులకు రోజు కూలీ ఇచ్చి రికార్డు చేసుకుని, ఆ లూపులను ఏళ్ల తరబడి అమ్ముకోవడం కోల్‌మన్ కథకు తెలుగు రూపమే. రికార్డు చేసిన రోజే వాయించినవారి పేర్లు, తేదీ, ఎక్కడెక్కడ వాడతారో, అమ్మకాల్లో వాటా ఎంతో తెలుగులో రాసి ఇద్దరూ సంతకం చేయాలి. ఒక ప్రతి డప్పు వాయించినవారి దగ్గరే ఉండాలి.