త్యాగమునకు ఫలము ఎప్పుడు?



"ఇంత చాకిరీ చేస్తున్నాము, ఫలమేది?" అని రోగి మంచము ప్రక్కన కూర్చున్నవారు మమ్మల్ని అడుగుతుంటారు.

డాక్టర్ అన్నా సారా కుగ్లర్ గారు 1883లో గుంటూరు వచ్చారు. మిషను వారు అప్పగించినది స్త్రీలకు చదువు చెప్పే పని. అయినా ఆమె వైద్యము మానలేదు. మగ డాక్టరుకు కనబడని ఘోషా స్త్రీల ఇండ్లకు వెళ్లి మందులిచ్చారు. సొంత ఆసుపత్రి తెరువబడినది 1898లో. పదిహేనేండ్ల నిరీక్షణ! 1930లో గుంటూరులోనే ప్రభువునందు నిద్రించారు. స్వస్థపడి ఇండ్లకు వెళ్లిన తల్లులే ఆమెకు బహుమానమని మేము నమ్ముతున్నాము.

మీ ప్రేమను కూడ దేవుడు మరువడు. హెబ్రీ 6:10 చదువుకొనండి.

అయితే పస్తులుండి సేవ చేయవద్దు. వేళకు భోంచేయండి. రాత్రి కాపలాకు ఇంట్లో మరొకరిని వంతుగా పిలిపించుకొనండి.