ఐర్లండు పెద్దలసభలో ఒక కవి మాట

సర్వసభ్య సమావేశములు జరుగు దినములలో మేము గ్రామములకు పోయినపుడెల్ల తరచుగా వినబడు మాట యొకటి కలదు. "పదిమంది ఒకవైపున నున్నప్పుడు నేనొక్కడను లేచి చెప్పిన నేమి, చెప్పకున్న నేమి?" అని రైతు సోదరులు అందురు. ఆ మాటలో నిజము లేకపోలేదు. తీర్మానము ఓట్ల లెక్కవలననే నిలుచును. అయినను తన పక్షము ఓడునని యెరిగియు సభలో లేచి మాటలాడిన యొక సభ్యుని కథ ఐర్లండు దేశమున జరిగినది. దానిని మన సభ్యులకు వినిపింపవలెనని చాలకాలముగా తలచుచుంటిమి.

ఐర్లండు మనకు పరాయిదేశమే గాని సహకారులకు పరాయిది కాదు. సర్ హోరేసు ప్లంకెట్టుగారి పూనికవలన 1889వ సంవత్సరమున లిమరిక్ జిల్లాలోని డ్రమ్‌కాలహర్ గ్రామమందు రైతుల స్వంత వెన్న కేంద్రము మొదటిది వెలసెను. 1894లో దేశమంతటికి ఒక వ్యవసాయ సహకార వ్యవస్థాపక సంఘము ఏర్పడెను. ఆ సంఘమువారికి గ్రామములు తిరిగి పరపతి సంఘములను నెలకొల్పగల మనిషి కావలసివచ్చినపుడు, డబ్లిన్ నగరమున బట్టల దుకాణములో లెక్కలు వ్రాయు జార్జి రస్సెల్ అను యువకుని పేరు చెప్పినవాడు కవియైన విలియం బట్లర్ యేట్సు. ఆ రస్సెలుగారు సైకిలెక్కి పల్లె పల్లె తిరిగి, జర్మను దేశపు రైఫైజను పద్ధతిని రైతులకు బోధించిరి. మన గ్రామ పరపతి సంఘములకును మూలము ఆ రైఫైజను పద్ధతియే గదా! యేట్సు నెరిగిన జేమ్సు కజిన్సు అను మరియొక ఐర్లండు కవి మన మదనపల్లెకు వచ్చి అచ్చటి కళాశాలలో అధ్యాపకుడుగా నుండుట పెద్దలకు తెలిసిన సంగతియే. మేము చెప్పదలచిన సభ్యుడు ఈ యేట్సు.

1922 డిసెంబరు 6వ తేదీన ఐరిష్ ఫ్రీ స్టేటు ఏర్పడెను. దాని శాసనసభలో డాయిల్ అనునది ప్రతినిధుల సభ, సెనేటు అనునది పెద్దల సభ. సెనేటునకు అరువదిమంది సభ్యులు. వారిలో సగముమందిని డాయిల్ ఎన్నుకొనెను; తక్కిన సగముమందిని ప్రభుత్వాధిపతి కాస్‌గ్రేవు నియమించెను. దేశమున అధిక సంఖ్యాకులు కాథలిక్కులు. ప్రొటెస్టెంటులు కొద్దిమంది. ఆ కొద్దిమందికిని సభలో నోరుండవలెనని నియామకములు జరిగినవి. ప్లంకెట్టు, యేట్సు ఇరువురును అట్లు వచ్చినవారే.

ఆనాడు సెనేటరు పదవి పూలపాన్పు కాదు. ఇంగ్లండుతో చేసికొన్న ఒడంబడికను అంగీకరింపనివారికిని ప్రభుత్వమునకును అంతర్యుద్ధము సాగుచుండెను. సెనేటర్ల యిండ్లను తగులబెట్టుడని ఎదుటిపక్షమువారు ఆజ్ఞ యిచ్చిరి. 1923 జనవరి చివర ప్లంకెట్టుగారి యిల్లు కాలి బూడిదయ్యెను. ఆయన అప్పుడు అమెరికాలో నుండెను. అంతకు రెండు మూడేండ్లకు పూర్వము బ్రిటిషు సేనలు రైతుల వెన్న కేంద్రములను అనేకములను కాల్చినవి. ఇప్పుడు స్వదేశస్థులే ఆ కేంద్రముల తండ్రి యింటిని కాల్చిరి. ఆయన పదవి విడిచి ఇంగ్లండునకు వెడలిపోయెను. యేట్సు వాకిటను సాయుధులు కావలి కాయవలసివచ్చెను గాని, ఆయన కదలలేదు.

సెనేటులో ఆయన ఆరేండ్లు కూర్చుండెను. కవిగారు కదా, కలలుగనుచు కూర్చుండెననుకొందురేమో, అట్లు కాదు. సర్ హ్యూ లేన్ అను చిత్రవస్తు సంగ్రాహకుని సంగతిని 1923లో సభలో ఎత్తెను. లేన్‌గారు ముప్పదితొమ్మిది విలువగల చిత్రములను మొదట లండను చిత్రశాలకు వ్రాసి, 1915లో మనసు మార్చుకొని డబ్లినుకు చెందవలెనని వీలునామాకు అనుబంధ పత్రము వ్రాసెను. సంతకము చేసెను. సాక్షుల సంతకములు మాత్రము వేయింపలేదు. ఆ సంవత్సరము మే నెలలో లూసిటానియా ఓడ మునిగి ఆయన చనిపోయెను. సాక్షులు లేనందున పత్రము చెల్లలేదు. యేట్సు వాదించియు ఫలము కానరాలేదు. 1959లో గాని ఉభయులకు రాజీ కుదురలేదు. భూములు వ్రాయువారు ఈ సంగతిని రెండుసార్లు చదువుకొనుట మంచిది.

రైతులకు ముచ్చట గొలుపునది నాణెముల కథ. 1926లో క్రొత్త నాణెముల చట్టము సభకు వచ్చినపుడు, నాణెము ప్రతివాని చేతికి పోవునది గనుక దేశము యొక్క అభిరుచిని అది నోరెత్తకయే లోకమునకు చాటుననియు, దానిని పనితనము తెలిసినవారికి అప్పగింపవలెననియు యేట్సు చెప్పెను. ప్రభుత్వము ఒక సంఘమును వేసి ఆయననే అధ్యక్షుని చేసెను. ఒకవైపున వీణవంటి హార్పు. రెండవవైపున రాజు తల గాని, సాధువుల ప్రతిమలు గాని, నాయకుల ముఖములు గాని లేవు. రైతుల పశువులు, ఆ దేశపు మృగపక్షులు! అరక్రౌను మీద గుఱ్ఱము, ఫ్లోరిను మీద సాల్మను చేప, షిల్లింగు మీద ఆబోతు, ఆరుపెన్నీల మీద వేటకుక్క, మూడుపెన్నీల మీద కుందేలు, పెన్నీ మీద పిల్లలతో కోడిపెట్ట, అరపెన్నీ మీద పిల్లలతో పంది, ఫార్తింగు మీద ఉల్లంకిజాతి అడవిపిట్ట. శిల్పుల పేర్లు మూసి, బొమ్మలను మాత్రమే చూచి ఎన్నిక చేసిరి. పేరు విప్పగా గెలిచినవాడు పెర్సీ మెట్‌కాఫ్ అను ఇంగ్లీషువాడు. అప్పుడే స్వాతంత్ర్యము పొందిన దేశమువారు అట్టి ఫలితమును అంగీకరించుట చిన్న సంగతి కాదు. టెండర్లు విప్పునపుడు చుట్టమెవరని చూచు సంఘములు ఈ పద్ధతిని గమనింపవలెను.

అంతటితో ముగియలేదు. వ్యవసాయశాఖవారు బొమ్మలను చూచి, ఆబోతు లక్షణములు సరిగా లేవనియు, పంది బుగ్గలు సంతబేరమునకు తగినట్లుగా లేవనియు ఆక్షేపించిరి. బొమ్మలను మార్చిరి. బేరమునకు క్రొత్తపందియే మేలు గాని, గుండ్రని బుగ్గలు పోవుటతో బొమ్మ అందము పోయెనని కవి తరువాత హాస్యముగా వగచెను. మాకు చూడగా శాఖవారి మాటలోను న్యాయము కలదు. చెడ్డ ఆబోతును నాణెముమీద దేశమంతట త్రిప్పుట రైతుకు నచ్చునా? 1928లో నాణెములు వెలువడినప్పుడు, దేవుని గుర్తు లేదని కొందరు, పందితో మమ్ము పరిహసించితిరని కొందరు కేకలు వేసిరి. దశాంశ నాణెముల మార్పుతో కోడియు పందియు పోయినను, ఆబోతును సాల్మనును 2002లో యూరో వచ్చువరకు జనుల జేబులలో తిరుగుచునే యుండినవి.

అదే 1926లో ఆరు మొదలు పదునాలుగేండ్లలోపు పిల్లలు బడికి రావలెనను చట్టము వచ్చినపుడు, పిల్లలను రమ్మని బలవంతము చేయు ప్రభుత్వము ఆ బడి శుభ్రముగా, వెచ్చగా నున్నదా యని చూచుకొనవలదా యని యేట్సు అడిగెను. ఊరక అడుగలేదు, వాటర్‌ఫర్డులోని బడికి పోయి తన కన్నులతో చూచియుండెను.

ఇక అసలు సంగతికి వత్తము. పూర్వము ఐర్లండులో విడాకులు కావలసినవారు లండను పార్లమెంటులో ప్రత్యేక బిల్లు పెట్టుకొనవలసి యుండెను. స్వరాజ్యము వచ్చిన పిమ్మట అట్టి బిల్లులు తమ సభలలోనికే రాకుండునట్లు ద్వారము మూయవలెనని డాయిల్ తలచెను. కాథలిక్కు ధర్మము ప్రకారము విడాకులు కూడవు. ప్రొటెస్టెంటులకు అట్టి నిషేధము లేదు. 1925 జూను 11వ తేదీన యేట్సు లేచెను. ఒక మతమువారి నియమమును చట్టముగా చేసి వేరొక మతమువారి మీద రుద్దుట అన్యాయమనెను. విడిపోయిన ఉత్తర ఐర్లండు ఏనాటికైన కలియవలెనని కోరువారు ఇట్టి చట్టములు చేసినచో ఆ రెండు భాగముల నడుమ మేకు దిగగొట్టినట్లగునని హెచ్చరించెను. తన వర్గమువారు చిన్నవారు కారనియు, ఆ దేశపు నూతన సాహిత్యమును, రాజకీయ జ్ఞానమును చాలవరకు వారే నిర్మించిరనియు గర్వముతో చెప్పెను.

న్యాయము ఆయన పక్షముననే యుండెనని మా యభిప్రాయము. కాని చెప్పిన తీరు సభను గెలుచు తీరు కాదు. బిషప్పులను ఎగతాళి చేసెను; నగరమధ్యమున విగ్రహములు నిలిచిన ఒకానెల్, పార్నెలు వంటి పూజ్య నాయకుల వ్యక్తిగత జీవితములను గూడ ఎత్తెను. ఒప్పుకొనదలచినవారు సయితము మనసు నొచ్చుకొనియుందురు. తన కులమును, తన పెద్దలను పొగడుకొనుచు న్యాయము చెప్పినచో వినువారికి పొగడ్త మాత్రమే వినబడును. విడాకుల ద్వారము మూతపడెను. 1928లో యేట్సు సభ విడిచెను. 1936లో ఆ సెనేటే రద్దయ్యెను. 1937 రాజ్యాంగము విడాకులను స్పష్టముగా నిషేధించుచు, క్రొత్త సెనేటును నెలకొల్పెను. నేడును దానియందు అరువదిమంది కలరు. వ్యవసాయ వర్గము పేరిట పదునొకండు స్థానములు కలవు. కాని ఓటు వేయువారు శాసనసభ్యులును స్థానిక సభల సభ్యులునే గాని రైతులు కారు. అందుచేత ఆ పేరు పేరుమాత్రమే యని ఆ దేశమువారే అందురు. 2013లో సెనేటును ఎత్తివేయుదమా యని ప్రజలనడుగగా, నూటికి సుమారు 52 మంది వలదనిరి.

యేట్సు ఓడెను గాని, ఆయన పలికిన ప్రతి పలుకును సభవారు అచ్చువేయించి భద్రపరచిరి. మేమెరిగిన యొక సంఘములో చెరువుకట్ట దిగువ పల్లపు నేలలో గోదాము కట్టుటకు తీర్మానము వచ్చినది. ఒక ముసలి రైతు లేచి, "అయ్యా, ఆ చోట మా తాతనాడు నీరు నిలిచినది, వలదు" అనెను. నవ్విరి. ఏకగ్రీవముగా తీర్మానించితిమని మినిట్సు పుస్తకమున వ్రాసిరి. మూడవ యేట వానలకు విత్తనపు బస్తాలు తడిసినవి. నష్టము ఎవరు భరింపవలెనని విచారణ జరిగినపుడు, ముందుగా చెప్పినవాడు ఉండెనని చూపుటకు ఒక్క పంక్తియు లేకపోయెను. ఆ ముసలి రైతునకు కూడ అందరితోపాటు జవాబుదారీ పడెను.

ఐర్లండులో విడాకుల ప్రశ్న మరల ప్రజల యెదుటికి 1986లో వచ్చి ఓడెను. 1995 నవంబరు 24వ తేదీన రెండవమారు ఓటు జరిగెను. ఇరువైపుల కలిపి పదునారు లక్షలకు పైగా ఓట్లు పడగా, 9,114 ఓట్ల ఎక్కువతో నిషేధము తొలగెను. అప్పటికి యేట్సు మరణించి యేబదియారు సంవత్సరములు గడచినవి.